రేవుబాటపై సైకిలు

మన పాఠశాలకు ఇరుగుపొరుగు గ్రామములనుండి సైకిళ్ళపై వచ్చు బాలబాలికలు అనేకులు గలరు. ముత్తుకూరు, నేలటూరు, పంటపాలెము మొదలగు చోట్లనుండి వచ్చువారికి బస్సు వేళలు బడి వేళలతో ఎల్లప్పుడును పొసగవు. ఆటోలో పోవుదమన్నచో దినదినము రూకలు కావలయును. కావున సైకిలే వారికి కాళ్ళు. ఇట్టి పిల్లల తల్లిదండ్రులలో కొందరు ఇటీవల "లారీల నడుమ బిడ్డను పంపుటకు మనసొప్పుట లేదు, సైకిలు మాన్పించెదము" అనుచున్నారు. ఆడపిల్లల విషయమున ఈ మాట మరింత గట్టిగా వినవచ్చుచున్నది. వారి భయము నిష్కారణమని మేమనము. ఐనను సైకిలు మాన్పించుట ఆ భయమునకు తగిన మందు కాదని మా యభిప్రాయము. ఏల కాదో, కాదేని మరేమి చేయవలయునో, ఈ పుటలలో మనవి చేయుచున్నాము.

కృష్ణపట్నము పూర్వమునుండియు రేవే గాని చిన్న రేవు. కండలేరు ఉప్పుటేరు సముద్రమున గలియు తావున పడవలు నిలిచెడివి; బకింగుహాము కాలువ వెంట సరకులు సాగెడివి. ఆ దినములలో నెల్లూరి బాటపై కానవచ్చునవి ఎడ్లబండ్లును, వెనుక చేపలగంప కట్టుకొని తెల్లవారకమునుపే పల్లెపల్లెకు పోవువారి సైకిళ్ళును. 2008 లో క్రొత్త నౌకాశ్రయము పని ప్రారంభించినది మొదలు ఆ బాట స్వరూపమే మారినది. ఓడలలో వచ్చిన బొగ్గు, ఎరువులు, వంటనూనె మొదలగునవి కొంత రైలుమీదను, కొంత లారీలమీదను లోపలి సీమలకు పోవుచున్నవి. నేలటూరు కడ దామోదరము సంజీవయ్యగారి పేర వెలసిన విద్యుత్కేంద్రమున ఒక్కొక్కటి 800 మెగావాట్ల శక్తిగల యంత్రములు మూడు గలవు. మూడవది 2023 లో పనికి వచ్చినది. వాని బూడిదను మోయు బండ్లు వేరే. ఈ పరిశ్రమలను మేము దూషింపము. మన విద్యార్థులలో పెక్కుర తండ్రులకును అన్నలకును అన్నము పెట్టుచున్నవి అవియే. కాని పదునెనిమిది చక్రముల బండియు రెండు చక్రముల బండియు ఒకే తారుపట్టీపై పోవలసివచ్చినపుడు, తప్పు ఎవరిదైనను దెబ్బ ఎవరికో వేరుగ చెప్పనక్కరలేదు. 2021 మే నెలలో కరోనా మందుకొరకు జనము వేలకువేలుగా మన యూరికి తరలివచ్చినపుడు ఈ బాట ఎంత ఇరుకో దూరపువారికి సైతము తెలిసివచ్చినది. మన పిల్లలకు మాత్రము అది నిత్యానుభవము.

దేశము మొత్తముమీద 2022 సంవత్సరమున రహదారి ప్రమాదములలో 1,68,000 మందికి పైగా మరణించిరని కేంద్ర ప్రభుత్వపు లెక్క. అందు సైకిలు త్రొక్కువారు 4,000 కు పైబడియున్నారు. ఇది కొట్టివేయదగిన సంఖ్య కాదు. ఐతే అదే లెక్కలో, ఇంజను గల రెండుచక్రముల బండ్లపై పోయి మరణించినవారు నూటికి నలువదిమందిని మించియున్నారు. అట్టి బండ్లు బాటలపై ఎక్కువగా తిరుగుచుండుటయు దీనికి ఒక కారణమే. ఐనను సైకిలు మాన్పించిన తండ్రి తరువాత చేయునదేమి? తన మోటారుసైకిలుపై ముందొకనిని, వెనుక ఇద్దరిని ఎక్కించుకొని, ఎవ్వరి తలకును కవచము లేకుండ, అదే బాటపై మూడింతల వేగముతో పోవును. లేనిచో పదునైదేండ్ల కుమారునికే ఆ బండి తాళపుచెవి నిచ్చును. ఆటోలో పదిమందితోపాటు కుక్కి పంపుటయు గలదు. ఆడపిల్ల యైనచో పదవ తరగతి ముగియకుండగనే ఇంట నిలిపివేయుదురు. వీనిలో ఏది సైకిలుకంటె క్షేమకరమో మాకు బోధపడకున్నది.

ఆడపిల్ల చదువునకు సైకిలు ఎంతటి తోడో ఏలినవారికిని తెలియును. 2017 లో రాష్ట్రప్రభుత్వము "బడికొస్తా" అను పేర ప్రభుత్వ పాఠశాలలలోని తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు పంచిపెట్టెను. ఉన్నత పాఠశాల దూరమైనందున బాలికలు చదువు విడుచుచున్నారన్న చింతయే దానికి హేతువు. మన పొరుగు తమిళదేశమున, పుదుక్కోట జిల్లాలో, 1990 తరువాతి తొలియేండ్లలో అక్షరాస్యతోద్యమము సాగినపుడు వేలకొలది గ్రామస్త్రీలు అక్షరములతోపాటు సైకిలును గూడ నేర్చిరి. ఊరూర తిరిగి చదువు చెప్పవలసిన స్త్రీ, ఏ మగవాడో వచ్చి బండిపై దింపువరకు కాచుకొనియుండరాదని అక్కడి పెద్దలు గ్రహించిరి. అదే కాలమున మన నెల్లూరు జిల్లాలోను అక్షరాస్యతోద్యమము జరిగినది. ఆ చదువు ఫలితముగనే 1992 లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన కథ మన పెద్దలందరు ఎరిగినదే. పుదుక్కోటలో అట్టి యుద్యమమునకే సైకిలును జోడించిరి. ముప్పదియేండ్లు గడచిన పిదప మన బాలికల క్రిందనుండి ఆ సైకిలును లాగివేయుట న్యాయమా?

ఇక విద్యార్థులతో కొంత మాటాడెదము.

లారీ నడుపువాడు మీ శత్రువు కాడు. అతడును మీ తండ్రివలెనే ఇల్లు చేరగోరువాడు. రాత్రియంతయు నిద్రలేక వచ్చుచున్నవాడును కావచ్చును. మీరు అతనికి చేయవలసిన యుపకారములు రెండే. మీరు బాటపై నున్నట్లు అతనికి తెలియవలెను. మరుక్షణమున మీరెటు పోవుదురో అదియు అతనికి తెలియవలెను. ధైర్యము, చురుకుదనము అనునవి ఆటస్థలమున పనికివచ్చును; బాటపై వానికంటె తిన్నదనము మేలు.

పెక్కుమంది పిల్లలు భయముచే తారు అంచుననే, ఒక్కొక్కప్పుడు అంచు దిగి ఇసుకలోనే త్రొక్కుదురు. అది క్షేమమని తోచును గాని కాదు. గాలి తెచ్చిన ఇసుక, బండ్లనుండి రాలిన బొగ్గుపొడి, రొయ్యల గుంటలకు పోయివచ్చు ట్రాక్టరుల బురద, అన్నియు అంచుననే చేరును. అచ్చట చక్రము జారును. గుంటయో రాయియో ఎదురైనపుడు తటాలున కుడికి తిరుగవలసివచ్చును. ప్రాణము తీయునది ఆ తిరుగుటయే. కావున అంచునకు రెండు మూరల లోపలగా, తారుమీదనే, గీత గీచినట్లు పోవలెను. అట్లు పోయినచో వెనుకవాడు మిమ్ము దూరమునుండియే చూచి తన బండిని ముందుగనే కుడికి తీసికొనును. ఎప్పుడైన మీరు తప్పుకొనవలసి వచ్చినను ఎడమవైపున ఆ రెండు మూరల చోటు మీకు మిగిలియుండును. తారు అంచు నేలకంటె నాలుగువేళ్ళ యెత్తుండు తావులు కలవు. చక్రము అచ్చట దిగిపోయినచో, త్రొక్కుచునే వాలుగా మరల పైకెక్కింపజూడకుడు. అంచు చక్రమును పట్టి, మనుష్యుని బాట నడుమకే పడవైచును. నిదానించి, దిగి, సైకిలును చేతితో ఎత్తిపెట్టుకొని మరల ఎక్కుడు. అందులకు పట్టునది అర నిమిషము.

ఇంకొక పొరబాటును గురించి విపులముగ చెప్పవలసియున్నది. నడచిపోవువారు, కాలిబాట లేనిచోట, ఎదురుగ వచ్చు బండ్లు కనబడునట్లు కుడివైపున నడువవలెనని మేము తరగతులలో చెప్పుదుము. ఇది విన్న పిల్లలు కొందరు సైకిలునుగూడ కుడివైపుననే త్రొక్కుచున్నారు. నడకకు చెల్లిన న్యాయము సైకిలుకు చెల్లదు. ఏలననగా, నడచువాడు క్షణములో నిలువగలడు, ప్రక్కకు దుమికి తప్పుకొనగలడు. సైకిలువాడు రెండును చేయలేడు. లెక్క వేసి చూడుడు. లారీ గంటకు 60 కిలోమీటర్లు, సైకిలు 15 కిలోమీటర్లు పోవుచున్నవనుకొందము. లారీవాడు 100 మీటర్ల దూరమున మిమ్ము చూచినాడు. మీరు ఎడమవైపున, అతడు పోవు దిక్కునకే పోవుచున్నచో, మీ యిద్దరి వేగములకు గల భేదము 45 కిలోమీటర్లు. అతడు మిమ్ము చేరుటకు 8 సెకనులు పట్టును. మీరు ఎదురుగ వచ్చుచున్నచో వేగములు రెండును కూడి 75 అగును. అప్పుడు అయిదు సెకనులైనను లేవు. తాకిడియే సంభవించినచో దాని బలము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును గనుక రెండవ పక్షమున అది దాదాపు మూడింతలు. తొమ్మిదవ తరగతివారు దీనిని పలకమీద సరిచూచుకొనవచ్చును.

లారీలలో డ్రైవరు కుడివైపున ఎత్తున కూర్చుండును. అతనికి ఎడమ తలుపు ప్రక్కను, బండికి సరిగా ముందరను, వెనుకను కొంత మేర కానరాదు. అతని ప్రక్క అద్దములో మీకు అతని ముఖము కనబడనిచో, అతనికి మీరును కనబడరు. మలుపు వద్ద నిలిచిన లారీకి ఎడమవైపు సందులో దూరి ముందుకు పోవుట బాలురకు మహా సరదా. ఆ లారీ ఎడమకు తిరిగినచో దాని వెనుక చక్రములు ముందుచక్రముల జాడలో రావు. లోపలగా కోసికొని వచ్చును. ఇది మాటలతో నమ్మశక్యము కాదు. మన ఆటస్థలమున చక్రములు తడిపి సైకిలును మెల్లగా గుండ్రముగ త్రిప్పి నేలపై జాడలు చూడుడు. వెనుక చక్రపు జాడ ముందు చక్రపు జాడకు లోపలిభాగముననే యుండును. మూరెడు పొడవు తేడాగల చిన్న సైకిలుకే ఇట్లున్నచో, పదిమీటర్లకు మించిన లారీకి ఎంతయుండునో ఊహించుకొనుడు. అట్టి చోట్ల లారీ వెనుకనే ఆగుట, లేదా దిగి నడచుట తప్ప మార్గము లేదు.

బాట ప్రక్క నిలిపిన లారీని దాటవలసివచ్చినపుడు దాని తోకవరకు పోయి కుడికి తిరుగకూడదు. ఇరువది ముప్పది మీటర్ల ముందుగనే తల త్రిప్పి వెనుక చూచి, చేయి చాచి, మెల్లమెల్లగా కుడికి వచ్చి దాటవలెను. వెనుకకు చూచునపుడు సైకిలుగూడ అటే వంకర తిరుగుట క్రొత్తవారికి సహజము. ఆ అలవాటు ఆటస్థలమున గీతపై త్రొక్కి త్రొక్కి పోగొట్టుకొనవలసినదే గాని బాటపై కాదు. ఒకరి ప్రక్క ఒకరు ముచ్చటలాడుచు పోవుట, క్యారియరుపై ఒకనిని, నడిమికమ్మిపై ఒకనిని కూర్చుండబెట్టుకొనుట, చెవులలో పాటల తీగలు పెట్టుకొనుట, ఇవి కూడదని మీకే తెలియును.

తల్లిదండ్రులకు చెప్పవలసినది ఇంతకంటె కొంచెము కటువుగ నుండును. బిడ్డ ఎదుగుచున్నాడుగదా, రెండేండ్లలో మరల కొననేల యని, పండ్రెండేండ్ల వానికి పెద్దవారి సైకిలు కొనియిచ్చుచున్నారు. వానికి కాళ్ళు అందవు. సీటుపై కూర్చుండక నడిమికమ్మి క్రింద కాలు దూర్చి త్రొక్కును; లేదా కూర్చుండి, పెడలు పెడలుకు ఇటొరిగి అటొరిగి త్రొక్కును. అట్లు ఒరుగు సైకిలు తిన్నగ పోదు. నిలుపవలసివచ్చినపుడు కాలు నేల తాకక ప్రక్కకు పడును. 1885 లో ఇంగ్లాండు దేశమున జాను కెంపు స్టార్లీ అను నతడు నేటి రూపమున సైకిలును తయారుచేసినపుడు దానికి క్షేమపు సైకిలు అనియే పేరు వచ్చినది. అంతకుముందున్న సైకిళ్ళకు ముందు చక్రము మనిషియెత్తు. ఎక్కినవానికి నేల యందదు, రాయి తగిలినచో తలక్రిందుగ పడును. రెండు చక్రములను సమానముచేసి, సీటును దించి, నేలను కాలికి అందునట్లు చేసినదే స్టార్లీగారి ఉపకారము. కాళ్ళందని సైకిలు కొనియిచ్చిన తండ్రి ఆ యుపకారమును రద్దుచేసి, బిడ్డను 1885 నకు ముందటికి పంపుచున్నాడు. రూకల చింతయే యైనచో, పెద్ద క్రొత్త సైకిలుకంటె చిన్న పాత సైకిలు కొనుట మేలు.

సీటు ఎత్తు చూచుకొనుటకు సులభమైన ఉపాయము కలదు. సీటుపై కూర్చుండి, పెడలును అడుగునకు దింపి, దానిపై మడమ నుంచవలెను. అప్పుడు కాలు తిన్నగ చాగియుండవలెను. త్రొక్కునపుడు పాదపు ముందుభాగము పెడలుపై నుంచినచో మోకాలు కొంచెముగ వంగియుండును. అదియే సరియైన ఎత్తు. అంతకంటె క్రిందుగ నున్నచో మోకాళ్ళు నొప్పిపుట్టును, మీదుగ నున్నచో నడుము ఊగును. ఇంకను బాగుగ త్రొక్కుట రానివారికి మాత్రము మునివ్రేళ్ళు రెండుప్రక్కల నేల తాకునంతటి ఎత్తు చాలును. సుఖముగ కూర్చుండుట విలాసమని తలంపరాదు. నడుము నొప్పితో, అలసటతో, గాలి తక్కువైన చక్రములతో ఆరు కిలోమీటర్లు త్రొక్కినవాడు చివరి కిలోమీటరులో వెనుక చూచుట మానును.

సంచి హేండిలుకు తగిలించుకొనుట మరియొక దుర్వ్యసనము. ఆ సంచి ఊగి ముందుచక్రపు పుల్లలలో చిక్కును. పుస్తకములు వెనుక క్యారియరుపై తాడుతో బిగించికట్టుడు. ఓణీ, పైట, పంచె అంచు గొలుసులో పడకుండ దోపుకొనవలెను. గొలుసుపై రేకు మూత లేని సైకిలును ఆడపిల్లకు కొనకుడు.

సముద్రతీరమున ఇనుమునకు ఆయువు తక్కువ. ఉప్పుగాలి తగిలి గొలుసు, బ్రేకు తీగలు, సీటు క్రింది స్ప్రింగులు లోపల్లోపల తుప్పుపట్టును. నెల్లూరిలో మూడేండ్లు వచ్చు తీగ ఇచ్చట అంతకాలము నిలుచునని నమ్మియుండరాదు. పదిహేను దినములకొకమారు గొలుసును గుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె చుక్కచుక్కగ వేసి, పైకి మిగిలిన నూనెను తుడిచివేయవలెను. ఈ కడపటి మాట పెక్కురు మరతురు. నూనె పైన నిలిచినచో ఇసుక దానికంటి ఆకురాయివలె పండ్లను అరుగదీయును. బ్రేకులు రెండును పనిచేయుచుండవలెను. ఆపునపుడు బరువు ముందుకు తూగును గనుక ముందు బ్రేకే గట్టిగా పట్టును. వెనుకది మాత్రమే నొక్కినచో చక్రము జారును. ముందుదానినే ఒక్కసారిగ నొక్కినచో మనుష్యుడే ముందుకు పోవును. రెండింటిని కలిపి, క్రమక్రమముగ, నడుమును కొంచెము వెనుకకు జరిపి నొక్కవలెను. ఇసుకమీద ముందు బ్రేకును నమ్మరాదు. వానలో రిమ్ము తడిసియుండును. ఆపవలసిన తావునకు ముందునుండియే మెత్తగ నొక్కుచు పోయినచో నీరు తుడిచికొనిపోయి తరువాత బ్రేకు పట్టును.

గాలి సంగతి మన తీరపు పిల్లలకు మేము నేర్పవలసినది లేదు. ఎండకాలపు మధ్యాహ్నములలో సముద్రపు గాలి తూర్పునుండి లేచును. పడమటి యూళ్ళకు పోవువారిని అది వెనుకనుండి త్రోయును, సముద్రపువైపు వచ్చువారికి ఎదురు నిలుచును. ఎదురుగాలిలో తల వంచుకొని త్రొక్కుట సహజము గాని, తల వంచినవానికి ముందున్నది కనబడదు. వంగవలసినది నడుము, తల కాదు. పెద్ద లారీ దాటిపోవునపుడు దాని ప్రక్కగాలి మొదట బయటికి త్రోసి, వెంటనే లోపలికి లాగును. చప్పుడు వినగానే హేండిలును రెండుచేతుల పట్టుకొని, మోచేతులు బిగియింపక, కదలక పోవుడు. బిగిసిన చేతులే సైకిలును వణకించును.

తలకవచము మోటారుసైకిలువారికి చట్టము విధించినది, సైకిలువారికి విధింపలేదు. విధింపకపోయినను లెక్క మారదు. ఒకటిన్నర మీటరు ఎత్తునుండి పడిన తల నేలను తాకునప్పటి వేగము గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. సైకిలు నిలిచియున్నను అంతే. ఎండలో చెమటపట్టునని, తోటివారు నవ్వుదురని పిల్లలు పెట్టుకొనరు. మొదట అయిదారుగురు కలిసి పెట్టుకొన్నచో నవ్వు ఆగును.

దీపమును గురించి కొంత విచారము కలుగుచున్నది. వెనుకటి దినములలో పురపాలక సంఘములు సైకిలుకు పన్ను గట్టించుకొని బిళ్ళ ఇచ్చెడివి. దీపము లేక చీకటివేళ పోవువానిని పోలీసువారు పట్టి జరిమానా వేసెడివారు. ఆ పన్ను పోయినందుకు మాకు విచారము లేదు. దానితోపాటు దీపమును పోయినందుకే. నేడు చిన్న బ్యాటరీ దీపము చౌకగ దొరకును, ఐనను మన పిల్లల సైకిళ్ళలో ఎన్నింటికి కలదు? వెనుక ఎర్రబిళ్ళ యుండును గాని దానిపై బురద పొర యుండును. పెడళ్ళకు అతికించు పసుపుపచ్చని మెరుపుబిళ్ళలు మరింత ప్రయోజనకరములు; అవి క్రిందికి మీదికి కదలుచుండుటచే అది సైకిలని దూరమునుండియే డ్రైవరు కనిపెట్టును.

ఇంతవరకు పిల్లలు, తల్లిదండ్రులు చేయవలసినదే చెప్పితిమి. ఇది చాలునా యన్నచో చాలదు. ఎంత నేర్చిన బిడ్డయైనను, నడుచు బాట నిలువనీయనిచో ఏమి చేయగలదు? హాలండు దేశము నేడు సైకిళ్ళకు పేరుగన్నది. అక్కడ 1971 లో రహదారులపై 3,000 మందికి పైగా మరణించిరి. వారిలో 400 కు పైబడి పిల్లలు. ఆ దేశపు తల్లిదండ్రులు బిడ్డల సైకిళ్ళను అటుకెక్కింపలేదు. పిల్లల హత్యలు నిలుపుడని కేకలు వేయుచు వీథులలోకి వచ్చిరి. ఏండ్ల తరబడి పట్టుబట్టిన పిమ్మట ప్రభుత్వము సైకిళ్ళకు వేరు బాటలు వేయసాగెను. మన చట్టమును అంత గొడ్డుపోలేదు. మోటారు వాహనముల చట్టమునకు 2019 లో చేసిన సవరణచే, రహదారి నిర్మాణమున నిర్ణీత ప్రమాణములు పాటింపక మరణమునకు గాని అంగవైకల్యమునకు గాని కారణమైనవారికి 1,00,000 రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఇంజను లేని బండ్లను, పాదచారులను గూర్చి నిబంధనలు చేయు అధికారమును అదే సవరణ రాష్ట్రములకిచ్చెను. అధికారమున్నదని తెలిసికొని అడుగువారు కావలెను.

మేము అడుగునది వేరు బాట కాదు, దొరకినచో కాదనము. రేవుబాట కిరుప్రక్కల మీటరున్నర వెడల్పున అంచు తారు, దానిని నేలకు సమముగ దించుట, ఆ అంచుపై లారీలు నిలువకుండ చూచుట, బడి వేళలలో ఊళ్ళ నడుమ వేగమును తగ్గించుట, ఇవియే. గ్రామ పెద్దలు, నౌకాశ్రయమువారు, కర్మాగారములవారు, రహదారుల శాఖవారు కూర్చుండి మాటాడినచో ఇది అసాధ్యమని తోచదు. అర్జీపై తల్లిదండ్రులు చేవ్రాళ్ళు చేయవలెను. వ్రాయుట రాని తల్లి వేలిముద్ర వేసినను దానికి తక్కువ విలువ యుండదు.

మన పాఠశాలలోను చేయదగినది కలదు. వ్యాయామపు గంటలలో వారమునకొకటి సైకిలుకు కేటాయించి, గీతపై త్రొక్కుట, వెనుక చూచుట, ఒకచేతితో సైగచేయుట, ఇసుకపై ఆపుట నేర్పవచ్చును. శనివారమున పై తరగతులవారు చిన్నవారి బ్రేకులు, గాలి, గొలుసు చూచి సరిచేయవచ్చును. పంపు ఒకటి, పంచరు అతుకు సామాను ఒకటి బడిలో నుంచుట గొప్ప వ్యయము కాదు. వీనికంటె ముఖ్యమైనది వేళ. జూను నెలలో సూర్యుడు ఆరున్నర దాటినగాని క్రుంకడు. నవంబరు కడపట 5-40 లోపలనే అస్తమించును. మన జిల్లాకు వానలును ఆ నెలలలోనే, తుపానులును ఆ నెలలలోనే. పరీక్షల తరగతులని ఆరు గంటలవరకు పిల్లలను నిలిపి, ఆ చీకటిలో, ఆ వానలో, లారీల దీపముల ఎదుట వారిని విడుచుచున్నాము. నవంబరు మొదలు జనవరి నడిమివరకు ఆ ప్రత్యేక తరగతులను ఉదయమునకు మార్చి, దూరపు పిల్లలను నాలుగున్నరకే పంపివేయవలసినదని ఉపాధ్యాయులకును, పాలకవర్గమువారికిని మా విన్నపము. ఉదయము ముందుగ లేచుటకు పిల్లలు గొణుగుదురు. గొణుగనిండు.